ఇంటి ముందు ఆరడుగుల మట్టిలో ఏ పూలచెట్టు వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: హైదరాబాద్ శివారులో 150 గజాల ఇల్లు, తూర్పు ముఖం. ప్రహరీకీ పోర్టికోకీ మధ్య ఆరడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు మట్టి మిగిలింది. ఒక చివర గేటు, ఇంకో చివర ఖాళీ మూల, గేటుకు అటువైపు సంప్. పూజకు పూలు కావాలని మీ అమ్మగారి కోరిక. ఇంట్లో మూడేళ్ల పాప. చెట్టు ఇంటి మీదకు రాకూడదు, ఎప్పుడూ ఊడుస్తూ కూర్చోకూడదు. నర్సరీలో సంపెంగ, ఆకాశమల్లె, దేవగన్నేరు, టెకోమా, బాటిల్ బ్రష్ అని ఐదు పేర్లు చెప్పారు, వాటిలో ఏవి తీసుకోవాలి?

ఐదూ వద్దండి. రెండే చెట్లు వేయండి. ఖాళీ మూలలో పారిజాతం, గేటు పక్కన ఒంటి కాండం మీద పెంచిన నందివర్ధనం. ఆ రెంటి మధ్య మట్టిని అలాగే వదిలేయండి. మరీ ఖాళీగా ఉందనిపిస్తే కనకాంబరాలో తులసో పెట్టుకోండి, మూడో చెట్టు మాత్రం పెట్టకండి.

నాది కడియం పక్క ఊరు. నర్సరీ మడుల్లోనే పెరిగాను. పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఇళ్లకు తోటలు వేసే పనిలో ఉన్నాను. నర్సరీవాళ్లు మీకు అబద్ధం చెప్పారని అననుగానీ, వాళ్ల ముందు సంచిలో ఉన్న మొక్క మూడడుగులు. దానికి పూలుంటే ఎవరికైనా ముద్దొస్తుంది. పదేళ్ల తర్వాత అది ఎంతవుతుందో చూడాల్సింది మీరే.

అందుకని నేను ఏ ఇంటికి వెళ్లినా ముందు చేసే పని ఒకటుంది. ఆ ఇంట్లోవాళ్లనే కాస్త ముగ్గుపిండి అడుగుతాను. మొక్క నాటాలనుకున్న చోట నిలబడి, పెద్దయ్యాక కొమ్మలు ఎంతవరకు వస్తాయో అంత గుండ్రంగా నేలమీద పోస్తాను. సంపెంగకి పోస్తే ఆ గుండ్రం మీ పోర్టికో దాటి హాల్లోకి వస్తుంది. ఏటా కత్తిరించే పారిజాతానికి ఏడెనిమిది అడుగులు. అంటే మీ స్థలంలో ఒక అడుగు రోడ్డు వైపు, ఇంకాస్త పోర్టికో వైపు వాలుతుంది. తల తగలని ఎత్తులో కొమ్మలుంచుకుంటే ఇబ్బంది లేదు. గేటు తెరిచి బండి లోపల పెట్టి, ముగ్గు మీద నడిచి చూడండి. కొలతలు రాసుకున్నదానికంటే ఇలా నడిస్తేనే సంగతి తెలుస్తుంది.

ఇక పారిజాతం ఎందుకన్నానో చెబుతాను. అసలు కారణం ఎండ. తూర్పు ముఖం ఇంటికి ముందు భాగంలో పొద్దున్నుంచి పదకొండు, పన్నెండు వరకే ఎండ ఉంటుంది, ఆ తర్వాత మీ ఇంటి నీడే దాని మీద పడుతుంది. దేవగన్నేరుకి, టెకోమాకి, బాటిల్ బ్రష్‌కి ఆ ఎండ చాలదు. చావవు, కానీ ఎండ కోసం మెడ చాచినట్టు రోడ్డు మీదకి వంగుతాయి, పూలు తగ్గిపోతాయి. పారిజాతానికి సగం పూట ఎండ సరిపోతుంది. రెండో కారణం మీ అమ్మగారు. మిగతా పూలు కోసి పూజకు పెడతాం, పారిజాతం ఒక్కదాన్నే నేలమీద రాలినవి ఏరి పెట్టినా తప్పులేదంటారు. నిచ్చెన అక్కర్లేదు, కొమ్మ వంచక్కర్లేదు. సాయంత్రం చెట్టు కింద పాత చీర పరిచి ఉంచితే, తెల్లారేసరికి బోర్లా పడిన తెల్లపూలు, పైకి లేచిన నారింజ కాడలు. ఎనిమిది దాటితే వాడిపోతాయి కాబట్టి ఆ పని అరుణోదయంలోనే.

చీర అన్నది అందం కోసం కాదు. ఆ కాడల్లో రంగు ఉంటుంది, పూర్వం పట్టుబట్టలకు అద్దేవాళ్లు. మీ పోర్టికోలో తెల్ల టైల్స్ ఉంటే తడి పూలు తొక్కిన చోట పసుపు మరకలు పడతాయి.

పూత వానాకాలం చివర మొదలై కార్తీకం దాకా ఉంటుంది. పారిజాతం కొత్త కొమ్మల చివర్లలోనే పూస్తుంది, కాబట్టి కత్తిరింపు ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదట్లోనే. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. 2013లో ఒక ఇంట్లో చెట్టు కరెంటు వైర్లకు తగులుతోందని పిలిచారు. ఆగస్టు మొదటి వారం. నేను వెళ్లి గొడుగులా గుండ్రంగా, చూడముచ్చటగా కత్తిరించి డబ్బులు తీసుకుని వచ్చాను. కార్తీకంలో ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేశారు. "నాయనా, ఈ ఏడు పక్కింటివాళ్లని అడిగి తెచ్చుకుంటున్నాం పూలు" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది. ఆ ఫోన్ తర్వాత ఆగస్టులో పారిజాతం మీద కత్తెర వేయలేదు. వైర్లకు తగిలే ఆ ఒక్క కొమ్మ తీసేసి వచ్చేస్తాను.

దీని లోపాలూ చెప్పాలి. ఎండాకాలంలో చూడ్డానికి బాగోదు. ఆకులు గరుకుగా, అంచులు మాడి, సగం రాలిపోయి ఉంటుంది. ఏప్రిల్‌లో చుట్టాలొస్తే చెట్టు చచ్చిందా అని అడుగుతారు. తొలకరికి మళ్లీ చిగురిస్తుంది, టెన్షన్ పడకండి. రెండోది గొంగళి పురుగులు. మునగచెట్టుకు పట్టినట్టే కొన్ని వానాకాలాల్లో కాండం మీద గుంపుగా అతుక్కుని ఉంటాయి. పగలు కదలవు, రాత్రి ఆకులు తింటాయి. పాప ఉన్న ఇల్లు కాబట్టి ఇది పట్టించుకోవాలి, వెంట్రుకలు తగిలితే దురద, దద్దుర్లు. జూలై నుంచి వారానికోసారి కాండం చుట్టూ ఒక చూపు వేయండి. కనిపిస్తే చేతికి గ్లౌజులు వేసుకుని పాత చీపురుతో సబ్బునీళ్ల బకెట్‌లోకి ఊడ్చేయండి. కొందరు గుడ్డ చుట్టి దివిటీ పెట్టి కాలుస్తారు. పురుగుతోపాటు బెరడూ కాలుతుంది, వద్దు. పది పన్నెండు అడుగుల లోపే చెట్టునుంచుకుంటే ఈ పని మీరే చేసుకోగలరు. ఇరవై అడుగులైతే మనిషిని పిలవాలి. చెట్టు చిన్నగా ఉండాలనడానికి నీడ, గోడలకంటే నాకు ఇదే పెద్ద కారణం.

నందివర్ధనం పొద కదా, చెట్టెలా అవుతుందని మీకు అనుమానం రావచ్చు. వదిలేస్తే పొదే, ఎనిమిదడుగుల వరకు గుబురుగా నేల నుంచే కొమ్మలేస్తుంది. గేటు పక్కన అలా పెరిగితే స్కూటర్ హ్యాండిల్‌కి తగులుతుంది. అందుకే ఒంటి కాండం అన్నాను. నర్సరీలో గుబురు మొక్క అడగొద్దు. నిటారుగా ఒకే కొమ్మ పైకి లేచిన, మూడడుగుల సన్న మొక్క వెతకండి. అందరూ వదిలేసే మొక్క అది, బేరం కూడా కుదురుతుంది. పక్కన వెదురు కర్ర పాతి, పాత చున్నీ ముక్కతో వదులుగా కట్టండి. తాడు, వైరు వద్దు, కాండంలోకి కోసుకుపోతాయి. కింద వచ్చే పిలకలు వేలితో గిల్లేయండి, కానీ ఒకేసారి కాండమంతా బోడి చేయకండి. పైన ఆకు పెరిగేకొద్దీ కింద తీయాలి. నాలుగున్నర, ఐదడుగులకు చేరాక తల గిల్లితే అక్కడి నుంచి గొడుగు కడుతుంది. రెండేళ్ల పని. పాల మొక్క కాబట్టి గిల్లాక చేతులు కడుక్కోండి, ఆ చేత్తో కళ్లు నలపొద్దు.

ముద్ద రకమా, ఐదు రెక్కల ఒంటి రకమా అంటే, పూజకైతే ముద్దది నిండుగా ఉంటుంది. నాకు ఒంటి రకమే ఇష్టం. అది అభిరుచి సంగతి.

దీనికీ ఒక పురుగుంది, కానీ అది వేరే కథ. ఒకరోజు పొద్దున గేటు దగ్గర నేలమీద మిరియాలకంటే పెద్దగా నల్లటి ఉండలు కనిపిస్తాయి. తల ఎత్తి చూస్తే పై ఆకులు లేవు. వెతికితే మీ వేలంత లావు పచ్చటి పురుగు, తల దగ్గర రెండు నీలం కళ్లలాంటి మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము. పాములా అనిపించి జనం కేకలు పెడతారు. కుట్టదు, దురద రాదు. మహా అయితే మూడు నాలుగు ఉంటాయి, కొమ్మతో సహా తీసి అవతల వేస్తే సరి. ఉంచితే పచ్చటి అందమైన రెక్కల పురుగవుతుంది. మా అమ్మాయి ఒకసారి అట్టపెట్టెలో పెట్టి పెంచింది. మీ పాప కాస్త పెద్దయ్యాక మీరూ చూపించవచ్చు.

పాప మాట వచ్చింది కాబట్టి, పచ్చగన్నేరు, మామూలు గన్నేరు ఈ రెండూ మీ ఇంట్లోకి రానివ్వకండి. పచ్చగన్నేరు కాయలోని గింజ గుండెను ఆపగల విషం. పచ్చటి గుండ్రని కాయ పిల్లలకు ఆడుకోవడానికి అందంగా కనిపిస్తుంది. గన్నేరులో ఆకు, కొమ్మ, పూవు అన్నీ విషమే. రోడ్డు మధ్యలో డివైడర్ మీద ఉండొచ్చు, మూడేళ్ల పాప చేతికందే చోట కాదు. నందివర్ధనమూ ఆ కుటుంబపు మొక్కే, కాబట్టి దేన్నీ నోట్లో పెట్టుకోకూడదని పాపకు ముందునుంచే అలవాటు చేయండి. కాండాన్ని ఐదడుగులు ఎత్తమన్నదానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు మీకు చెప్పిన ఐదు పేర్ల సంగతి.

ఆకాశమల్లె గురించి నాకు బాధ ఉంది. చాలా అందమైన చెట్టు, రాత్రిపూట ఆ తెల్ల గొట్టాల వాసన నాకు ప్రాణం. కానీ అది నలభై, యాభై అడుగులకు నిలువుగా లేస్తుంది, కొమ్మ పెళుసు, వేర్ల నుంచి పిలకలు లేపుతుంది. నేనే వేసిన ఒక ఇంట్లో, నాటిన ఏడో ఏడాది పార్కింగ్ టైల్స్ మధ్యనుంచి పిలకలు పొడుచుకొచ్చాయి. ఆ తర్వాతి మే నెల గాలివానకు కొమ్మ విరిగి పక్కవాళ్ల కారు మీద పడింది. కొట్టేద్దామంటే ఊరికే అయ్యే పని కాదు. మన దగ్గర నీరు, భూమి, చెట్ల కోసం 2002లో తెచ్చిన వాల్టా చట్టం ఉంది, చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి. నాటేటప్పుడు ఎవరినీ అడగం కాబట్టి ఇది చాలామందికి తర్వాత తెలుస్తుంది.

సంపెంగ విత్తన మొక్క అయితే ఆలోచనే వద్దు, అడవిలో అది మహావృక్షం. అంటు సంపెంగ అయితే ఏడాది రెండేళ్లకే పూస్తుంది, చాలా ఏళ్లు చిన్నగానే ఉంటుంది. సరే, మరి ఎందుకు వద్దన్నాను? దానికి నీళ్లు నిలవకూడదు. కొత్త ఇళ్ల ముందు మట్టి అంటే నిజానికి పైన అరడుగు ఎర్రమట్టి, కింద సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, గట్టిపడిన మొరం. వానాకాలంలో గుంత తొట్టిలా నిండుతుంది, సంపెంగ వేరు కుళ్లుతుంది. మీ అమ్మగారు పట్టుబడితే డాబా మీద పెద్ద డ్రమ్ములో అంటు మొక్క పెట్టండి. అంటు కట్టిన చోటుకి కిందనుంచి వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు తీసేయండి, లేకపోతే కిందిది పెరిగి పై సంపెంగ పోతుంది.

దేవగన్నేరు చిన్న స్థలాలకు మంచి చెట్టే, మీ స్థలానికి కాదంతే. పడమర ముఖం ఇల్లయితే మొదట అదే చెప్పేవాణ్ని. అప్పుడు కూడా రకం చూసుకోవాలి. ఆకు చివర గుండ్రంగా, ముదురు పచ్చగా ఉండేది ఏడాదంతా ఆకుతో ఉంటుంది, పూలు తెలుపు. ఆకు చివర మొనదేలి, పూలు గులాబీ, ఎరుపు, పసుపు కలిసినట్టు ఉండేది చలికాలంలో బోడిగా అయిపోతుంది. మా సొంతింటి గేటు దగ్గర నేను రెండోది వేశాను, రంగు చూసి పడిపోయి. సంక్రాంతికి మా అత్తగారు వచ్చి గేటు దగ్గరే ఆగి, "పండగపూట ఈ ఎండుకట్టె ఏంటి బాబూ గుమ్మంలో?" అన్నారు. తోటలు వేసేవాడి ఇంట్లో!

టెకోమా, బాటిల్ బ్రష్ రెండూ ఎండ మొక్కలు. టెకోమాకి ఇంకో గుణం, గింజలు గాలికి ఎగిరి వీధంతా మొలుస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకో రెండు పేర్లు. ప్రహరీ వెంట వరసగా కోనోకార్పస్ వేస్తే ఆరు నెలల్లో పచ్చ గోడ అవుతుందని ఎవరో ఒకరు చెబుతారు. దాని వేర్లు పైపుల్లోకి వెళ్తాయని ఫిర్యాదులు ఎక్కువై, 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడమే నిషేధించింది. వాసన కోసమని ఏడాకుల పాల చెట్టు వేయమంటారు. విశాఖలో హుద్‌హుద్ తుఫాను తర్వాత వీధుల్లో విరివిగా వేశారు, ఇప్పుడు అక్టోబర్, నవంబర్ వస్తే ఆ రాత్రి వాసన తట్టుకోలేక జనం కిటికీలు మూసుకుంటున్నారు. వాసన చెట్టు ఏదైనా పడకగది కిటికీకి దూరంగానే ఉండాలి.

పారిజాతం పురుగుల భయం మీకు మరీ ఎక్కువైతే దాని స్థానంలో మధుకామిని వేయండి. కరివేపాకు కుటుంబం, ఏడాదంతా నిగనిగలాడే చిన్న ఆకు, వాన పడిన నాలుగు రోజులకు చెట్టంతా తెల్లగా పూసి వీధి మలుపు దాకా వాసనొస్తుంది. ఆ పూత మూడు నాలుగు రోజులే, రెక్కలు చిన్నవి, ఊడ్చాలి. తెల్ల దేవకాంచనంలో పొట్టి రకం కూడా పనికొస్తుంది. ఎండ దంచే పడమర ఇళ్లకు తంగేడు ఎవరూ అడగరు, నాకు ఆశ్చర్యం. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకి బజారులో కొంటాం, ఇంట్లో మాత్రం పెట్టం. నీళ్లు పెద్దగా అడగదు, నిలువెత్తు దాటితే గొప్ప.

నాటడం గురించి, ఎందుకంటే చెట్టు సరైనదే ఎంచుకుని ఇక్కడ పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

కాండం ప్రహరీకి రెండున్నర అడుగుల దూరంలో ఉండాలి, అప్పుడు పోర్టికో వైపు మూడున్నర మిగులుతుంది. సంప్‌కి ఆరడుగుల లోపు ఏదీ వద్దు, మీ నందివర్ధనాన్ని గేటు స్తంభానికి ఆనించకుండా సంప్ నుంచి కొలిచి ఇవతలికి జరపండి. డ్రైనేజీ పైపు ఎటు వెళ్తుందో ఇల్లు కట్టిన మేస్త్రీని అడిగి గుర్తు పెట్టుకోండి. గుంత రెండడుగులు పొడవు, వెడల్పు, లోతు. తవ్వినప్పుడు వచ్చే పెళ్లలు, సున్నం ముక్కలు మళ్లీ లోపల వేయకండి. అడుగున నీళ్లు పోసి చూడండి, గంటకీ ఇంకకపోతే గడ్డపారతో ఇంకో అడుగు పొడవండి. రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ల వేపపిండి చాలు.

సంచి విప్పాక మట్టిగడ్డను పరీక్షించండి. మా కడియం వైపు మొక్కలు బంకమట్టి గడ్డతో వస్తాయి. లారీలో వందల కిలోమీటర్లు కుదుపులకు పగలకుండా అది కాపాడుతుంది. కానీ మీ వదులు మట్టిలో పెట్టాక అది ఇటుకలా గట్టిపడుతుంది, పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. ఒక ఇంట్లో రెండేళ్లైనా పారిజాతం అంగుళం పెరగలేదని పిలిచారు. చేత్తో పట్టుకుని లాగితే వచ్చేసింది. రెండేళ్ల కిందటి మట్టిగడ్డ సున్నుండలా అలాగే ఉంది, వేర్లన్నీ దాని చుట్టూ పీచులా తిరిగి ఉన్నాయి, ఒక్కటి బయటకు పోలేదు. కాబట్టి నాటే ముందు గడ్డను అరగంట బకెట్ నీళ్లలో ఉంచి, చుట్టూ అంగుళం మట్టి వేళ్లతో మెల్లగా రాల్చండి. చుట్టుకున్న వేర్లు ఉంటే నిలువుగా మూడు చోట్ల కత్తితో గీయండి. మొక్కకు నొప్పి అని జాలిపడొద్దు. అడుగున చుట్ట చుట్టుకున్న లావు వేరు కనిపిస్తే ఆ మొక్క తిరిగిచ్చేయండి.

అలాగే పదడుగుల మొక్క తెచ్చి వెంటనే నీడ కావాలనుకోకండి. మూడడుగులదే తీసుకోండి, మూడేళ్లలో పెద్దదాన్ని దాటేస్తుంది.

మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు, చెట్టుకి ఒక బకెట్ నీళ్లు, పాదు నిండా. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. పాదులో ఎండుటాకులు పరచండి, మట్టి మాత్రం కాండానికి ఎగదోయకండి.

ఇప్పుడే గుంతలు తవ్వి ఎండకు వదిలేయండి, రెండు మంచి వానలు పడ్డాక జూన్ ఆఖర్లో నాటండి. ఆ లోపు ముగ్గు పోసి ఫోటో పెడితే దూరాలు నేను చూసి చెబుతాను. సంపెంగ వద్దన్నానని మీ అమ్మగారికి చెప్పేటప్పుడు నా పేరే వాడుకోండి, నాకు అలవాటే.